ఖాళీ సూది

నిస్సీ గురించి చెప్పాలంటే ముందు ఆమె అనుమానం గురించి చెప్పాలి. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూస్తుంది. కరెంటు పోతే వీధిలోకొచ్చి, అందరికీ పోయిందా, తమ ఒక్క ఇంటికే తీసేశారా అని నాలుగు దిక్కులూ చూస్తుంది. మొగుడు సుధీర్ లారీ తోలతాడు. "దాచేపల్లి దాటాను" అని అతను ఫోన్ చేస్తే, "ఏదీ, పక్కన ఎవరున్నారో వాళ్ళకియ్యి" అంటుంది. ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఈమె ఒక కన్ను బయట విడిచిన చెప్పుల మీద వేసి ఉంచుతుంది. "బొడ్డు కోసిన మంత్రసానిని కూడా అనుమానంగానే చూసింది ఇది" అని వాళ్ళమ్మ కరుణమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

అట్లాంటి మనిషికి నరసరావుపేటలో మంచి పనే దొరికింది. మల్లమ్మ సెంటరు వెనక సందులో మహాలక్ష్మి అనే ఆవిడకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు ఉంది. పెళ్ళి బ్లౌజులకు మెడ చుట్టూ, చేతులకూ జరీతో డిజైన్లు వేసే షాపు. అక్కడ మిషన్ ఆపరేటరు నిస్సీ. నాదెండ్ల దగ్గర పల్లెలో పత్తి ఏరుతూ పెరిగిన పిల్ల, పెళ్ళయి పేటకొచ్చి, చీరలకు ఫాల్సు కుట్టుకుంటూ ఉండేది. మహాలక్ష్మి మిషన్ తెప్పించినప్పుడు, దాన్ని బిగించడానికి వచ్చినతను అందరికీ చూపించాడు. మిగతా వాళ్ళు తలూపి ఊరుకున్నారు. నిస్సీ మాత్రం అతను చెప్పిన ప్రతిదానికీ "ఎందుకు? అట్టా చెయ్యకపోతే ఏమవుద్ది?" అని అడిగి అతని ప్రాణం తోడేసింది. పోయేటప్పుడు అతనే, "ఈ అక్కకు అప్పజెప్పండి మేడం, ఈమె మిషన్ను కూడా నమ్మేట్టు లేదు" అన్నాడట.

నిజానికి మొదట్లో నమ్మింది పాపం. నమ్మినందుకు దెబ్బ తగిలింది. సత్తెనపల్లి నుంచి ఒక పెళ్ళికూతురి తల్లి పట్టుగుడ్డ తెచ్చింది, చీరతో వచ్చిన ముక్క, పోతే మళ్ళీ దొరకదు. ఫైలులో మెడ కొలత సరిగ్గానే ఉందన్నారు. నిస్సీ సరేననుకుని ఫ్రేము బిగించి మిషన్ ఆన్ చేసింది. జరీ తీగ భుజం గీత దాటి చంకలోకి పోయింది. పట్టులో సూది దిగితే ఆ చిల్లు మళ్ళీ పూడదు, దారం విప్పినా మచ్చ మిగులుతుంది. ఆ తల్లి షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు నిస్సీ చెవుల్లో చానాళ్ళు ఉంది.

అప్పటినుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. కొత్త డిజైను ఏదొచ్చినా గుడ్డ మీద వెయ్యదు. గుడ్డ అడుగున వేసే తెల్ల కాగితం ఉంటుంది, దళసరిది. ముందు ఆ కాగితాన్నొక్కదాన్నే ఫ్రేములో బిగిస్తుంది. సూదిలోంచి దారం తీసేస్తుంది. దారం తెగిందని మిషన్ గోల పెట్టకుండా ఆ సెన్సార్ ఆపేస్తుంది. ఇక ఖాళీ సూదితో డిజైను మొత్తం ఆ కాగితం మీద పొడిపిస్తుంది. ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, గీత దాటుతుందా లేదా అన్నీ చిల్లుల్లో తేలిపోతాయి. సరిగ్గా ఉందని తేలాకే దారం ఎక్కిస్తుంది. "టైము వేస్టు కదే" అని మహాలక్ష్మి మొదట్లో గొణిగింది. ఆ తర్వాత ఒక్క గుడ్డ కూడా పాడు కాలేదు గనక నోరు మూసుకుంది.

పని అయ్యాక ఆ చిల్లుల కాగితాన్ని ఏం చేస్తారు? పారెయ్యాలి. పారెయ్యడమంటే నిస్సీకి ప్రాణం ఒప్పదు. సందు మొదట్లో నాగులమ్మ మిరపకాయ బజ్జీల బండి ఉంది. అక్షరాలున్న పాత పేపర్లలో బజ్జీలు కట్టొద్దని ఎవరో ఆఫీసరు వచ్చి నాగులమ్మను గదమాయించి పోయాడు. తెల్ల కాగితం, నూనె బాగా పీలుస్తుంది, ఇంకేం కావాలి? సాయంత్రం నిస్సీ కాగితాలు మడిచి ఇచ్చేది, నాగులమ్మ వేడి వేడి బజ్జీ ఒకటి ఎక్కువేసేది. ఊరు మొత్తాన్ని అనుమానించే మనిషి ఆ బండి దగ్గర మాత్రం హాయిగా తినేది.

షాపులో నిస్సీ పక్కన కూర్చునేది ఆస్మా. ఇద్దరు పిల్లల తల్లి. మొగుడు పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దగ్గర పని చేసేవాడు. మిషన్ దించిన గుడ్డ వెనక కాగితం చింపడం, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పోయిన దారాలు కత్తిరించడం, ఇస్త్రీ చెయ్యడం ఆమె పని. తక్కువ మాట్లాడేది, చెయ్యి మాత్రం ఆగేది కాదు. వాళ్ళమ్మ ఒకప్పుడు చేత్తో మగ్గం పని చేసేదని, బిగించిన గుడ్డ మీద సూదితో పూసలు కుట్టడం చిన్నప్పుడు చూశానని ఎప్పుడో ఒకసారి చెప్పింది. నిస్సీ ఆ మాట మనసులో పెట్టుకుంది.

మహాలక్ష్మి వ్యాపారానికి ప్రాణం ఒక్కటే. కొత్త డిజైను. గుంటూరులో రవి కుమార్ అనే అతని చేత గీయించి తెప్పించేది. "ఇది పేటలో ఇంకెవరి ఒంటి మీదా కనపడదమ్మా" అని మాటిచ్చేది, ఆ మాటకే జనం వచ్చేవాళ్ళు. మాచర్ల నుంచి ఒకావిడ వచ్చి పత్తికాయలు పగిలి దూది బయటికొచ్చినట్టు డిజైను వేయించుకుంది. చూడముచ్చటగా కుదిరింది. తీరా ఆవిడ పెళ్ళికి పోతే, పెళ్ళికొడుకు మేనత్త జాకెట్టు మీద అవే పత్తికాయలు. అదే వంపు, అదే ఆకు. మిషన్ పని కాదు, చేత్తో పూసలు పెట్టి కుట్టిన మగ్గం పని.

ఆవిడ మర్నాడు షాపుకొచ్చి మహాలక్ష్మిని నిలబెట్టి కడిగేసింది. కొన్నాళ్ళకు ఇంకో డిజైను అట్లాగే బయటపడింది. ఆ తర్వాత మరొకటి. షాపుకు రావాల్సిన వాళ్ళు పక్క షాపుల్లో దూరడం మొదలుపెట్టారు.

ఒకరోజు మహాలక్ష్మి నిస్సీని లోపలి గదిలోకి పిలిచింది. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టు" అంది. అని ఊరుకోలేదు, నిస్సీ ముఖంలోకి అవసరమైన దానికంటే ఎక్కువసేపు చూసింది.

నిస్సీ ఆ చూపు అర్థం కానంత వెర్రిది కాదు. మిషన్ ఆపరేటరు డిజైన్లు అమ్ముకుంటుందని ఒక్కసారి పేరు పడితే పేటలోనే కాదు, చిలకలూరిపేటలో, వినుకొండలో కూడా ఏ షాపువాడూ మిషన్ తాకనివ్వడు. మళ్ళీ ఫాల్సు కుట్టుకోవాలి. తను కాదని తేలాలంటే ఇంకెవరో తేలాలి.

ముందు రవి కుమార్ మీద పడింది. ఫోన్లో అతను పిల్లల మీద ఒట్టేశాడు, చివరికి విసుక్కున్నాడు. తర్వాత ఆ మగ్గం జాకెట్లు ఎక్కడివో ఆరా తీసింది. బరంపేటలో సర్దార్ అనే అతని మగ్గం షెడ్డులోవి. సర్దార్ అన్న పేరు చెవిన పడగానే ఆమె బుర్రలో లెక్క తేలిపోయింది. ఇక్కడ ఆస్మా, అక్కడ సర్దార్. ఇంకేం సాక్ష్యం కావాలి?

"సర్దార్ మీకేమవుతాడు?" అని అడిగింది దారాలు కత్తిరిస్తున్న ఆస్మాను.

"ఏమీ కాడక్కా. ఎవరాయన?"

"మీవాళ్ళేగా."

ఆస్మా కత్తెర ఆపింది. "పేటలో ఉన్న ఏసోబులందరూ నీకు చుట్టాలా అక్కా?" అని నవ్వింది. నిస్సీ నవ్వలేదు. తను పుట్టిన పల్లెలో మోతుబరి ఇంట్లో ఏ చెంబు పోయినా ముందు మాల పల్లెలోకి వచ్చి వెతికేవాళ్ళని, తన తండ్రి జ్ఞానయ్య గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవాడని ఆమెకు గుర్తుండాల్సింది. ఆ పూట గుర్తు రాలేదు.

ఇక కాపలా మొదలైంది. ఆస్మా నీళ్ళకు లేస్తే నిస్సీ కళ్ళు లేచేవి. ఫోను మోగితే ఎవరని అడిగేది. ఇంటికి బయల్దేరేటప్పుడు, మహాలక్ష్మి చెప్పిందని చెప్పి ఆమె సంచి తీసి వెతికేది. అన్నం డబ్బా మూత కూడా తీసి చూసింది ఒకసారి. ఆస్మా గోడవైపు చూస్తూ నిలబడేది, ఒక్క మాట అనేది కాదు. ఆ మౌనం చూసి నిస్సీకి అనుమానం ఇంకా ముదిరింది. తప్పు లేనిది అయితే ఎదురు తిరగదా అని ఆమె వాదన. ఎదురు తిరిగితే మాత్రం గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందని అనేది కాదా? అనేదే.

ఒక మధ్యాహ్నం కొత్త డిజైను కాగితం మీద పొడిపిస్తూ నిస్సీ చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆస్మా మిషన్ ముందు నిలబడి ఉంది. చేతిలో ఫోను, ఫోను కన్ను ఫ్రేము మీద. నిస్సీ చప్పుడు చెయ్యలేదు. అట్నుంచి అటే లోపలికి పోయి మహాలక్ష్మి చెవిన వేసింది. "నా కళ్ళతో చూశా. ఫొటో తీస్తంది."

మహాలక్ష్మి ఆస్మాను గదిలోకి పిలిచి తలుపేసింది. చాలాసేపు మాటలు వినిపించాయి, ఏమన్నదీ తెలియలేదు. తలుపు తెరుచుకున్నాక ఆస్మా బయటికొచ్చి అన్నం డబ్బా సర్దుకుంది. నిస్సీ వైపు చూసి, "ఆ పచ్చ దారం సూది మార్చక్కా, మొన మొద్దుబారింది, దారం పోగులు లేస్తంది" అని చెప్పి మెట్లు దిగిపోయింది. మహాలక్ష్మి ఆ సాయంత్రమే సందులో షాపులన్నిటికీ ఫోన్లు చేసింది. ఆస్మా అనే మనిషిని పనిలో పెట్టుకుంటే మీ డిజైన్లు మీవి కావని చెప్పింది. నిస్సీకి పెద్ద బరువు దిగినట్టయింది. దొంగను పట్టిన సంతోషం అది, దాచడమెందుకు?

సంతోషానికి తగ్గట్టే డిజైన్లు బయటికి పోవడం ఆగిపోయింది. "చూశావా" అని మహాలక్ష్మి, "నేను చెప్పలా" అని నిస్సీ. షాపుకు జనం తిరిగొచ్చారు.

ఒక్కటే కొత్తగా మారింది. చిల్లుల కాగితాలు బయటెవరికీ ఇవ్వొద్దని, గోతంలో వేసి ఉంచితే తనే స్కూటీ మీద ఇంటికి పట్టుకుపోయి కాల్చేస్తానని మహాలక్ష్మి చెప్పింది. "చెత్త వేస్తే మునిసిపాలిటీ వాళ్ళు గోల చేస్తన్నారు" అంది. సరేనంది నిస్సీ. కానీ తాళంచెవులు కూడా వేరేవాళ్ళ చేత మోయించే మహాలక్ష్మి చెత్త గోతం తను మోసుకుపోతుంటే ఈమె ఊరుకుంటుందా? కొత్త పురుగు తొలవడం మొదలుపెట్టింది. ఏముందా చెత్తలో?

మిరపకాయల సీజను వచ్చింది. ఒకరోజు ప్రకాష్ నగర్ దగ్గర ఒక ఆటోలో మిరప తొడిమలు తీసే పనికి పోయి వస్తున్న ఆడవాళ్ళు కిక్కిరిసి కూర్చుని ఉన్నారు. చివరన వేలాడుతూ ఆస్మా. కళ్ళు ఎర్రగా వాచి, వేళ్ళు చున్నీ కొంగులో చుట్టుకుని ఉంది. ఏ షాపులోనూ పని దొరకలేదన్నమాట. 'చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత' అనుకుంది నిస్సీ. అనుకుంది గానీ ఆ వేళ్ళు ఆమె కళ్ళ ముందు నుంచి పోలేదు. పట్టు మీద దారం కత్తిరించేటప్పుడు ఒక్కసారి కూడా గుడ్డకు తగలని వేళ్ళు అవి.

ఆ సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆగితే నాగులమ్మ మూతి ముడుచుకుని ఉంది.

"ఏందే నిస్సీ, ఈ మధ్య కాగితాలు తేవట్లేదు?"

"మా మేడం ఇయ్యొద్దంది పిన్నీ."

"నాకంటే పోనీలే. ఆ సర్దార్ భాయి రోజూ వచ్చి ప్రాణం తీస్తన్నాడు. చిల్లుల కాగితాలు రాలేదా, చిల్లుల కాగితాలు రాలేదా అని. ఇదివరకు పెద్దయి ఉంటే బజ్జీలు కట్టకుండా దాచిపెట్టి ఆయనకే ఇచ్చేదాన్ని."

నిస్సీ నోట్లో బజ్జీ అట్లాగే ఉండిపోయింది. దాన్ని బుగ్గన పెట్టుకునే, "ఏం చేసుకుంటాడంట?" అని అడిగింది.

"నాకేం తెలుసమ్మా. ఇల్లు తుడుచుకుంటాడేమో."

ఆమె ఇంటికి పోలేదు. తిన్నగా బరంపేట నడిచింది. సర్దార్ షెడ్డులో మగ్గాలకు బిగించిన గుడ్డల చుట్టూ మనుషులు కూర్చుని పూసలు కుడుతున్నారు. నెరిసిన గడ్డం సర్దార్ ఆమెను ఎవరో జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషనుకుని కుర్చీ వేయించాడు. చిల్లుల కాగితం గురించి అడిగితే దాచలేదు, దాచాలని కూడా అనుకోలేదు. నూనె మరకలున్న ఒక కాగితం తీసి గుడ్డ మీద పరిచాడు. తెల్లపొడి కలిపిన కిరోసిన్లో దూది ముంచి దాని మీద రుద్దాడు. కాగితం ఎత్తేసరికి గుడ్డ మీద పత్తికాయలు, ఆకులతో సహా, చుక్కలు చుక్కలుగా దిగి ఉన్నాయి.

"మా పనికి మేం పిన్నుతో గుచ్చుకుని చేసుకుంటామమ్మా ఈ కాగితం. పూటంతా పడుద్ది. ఒకరోజు బజ్జీ తిని చెయ్యి తుడుచుకోబోతే, దాని మీద జాకెట్టు మెడ కనపడింది. ఎవరో మహానుభావుడు గుచ్చి పారేస్తన్నాడు, అల్లా ఇచ్చాడనుకున్నా" అన్నాడు. ఆస్మా ఎవరో ఆయనకు తెలియదు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నిస్సీ పని. ఎవరినీ నమ్మకూడదని పెట్టుకున్న ఖాళీ సూదే డిజైన్లన్నీ గుచ్చి గుచ్చి బజారుకిచ్చింది. ఇచ్చింది తన చేత్తోనే, బజ్జీ తింటూ. సిగ్గుతో ఆమె ముఖం మండిపోయింది. షెడ్డు బయట పంపు దగ్గర నీళ్ళు చల్లుకుంది.

మర్నాడు షాపు తెరవగానే మహాలక్ష్మి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తిడుతుందనుకుంది, పొమ్మంటుందనుకుంది. మహాలక్ష్మి దేవుడి పటానికి అగరుబత్తి వెలిగిస్తూనే, "నాకు తెలుసులే" అంది.

"ఏం తెలుసు?"

"ఆ రోజే చెప్పింది ఆస్మా. ఆ కాగితం ఫొటో చూపించి, మగ్గం వాళ్ళకి ఇది దొరికితే చాలక్కా, ఇదే బజ్జీల బండికి పోతంది అని చెప్పింది. నీకు చెబితే నమ్మవని నాకు చూపిద్దామని తీసిందంట."

"తెలిసి కూడా దాన్ని పంపించావా?"

మహాలక్ష్మి అగరుబత్తి గుచ్చి వెనక్కి తిరిగింది. "మరి ఏం చెయ్యమంటావే? అప్పుడు మాఘమాసం పెళ్ళిళ్ళు నెత్తి మీదున్నాయి. మా షాపు కాగితాలే బజారులో పడ్డాయని చెబితే నా పరువేం కావాల? దొంగ దొరికిందంటే జనం తిరిగొచ్చారు. దారాలు కత్తిరించేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు, మిషన్ నడిపేదానివి నువ్వు ఒక్కదానివి. నిన్ను పోగొట్టుకోమంటావా? పో, పోయి కూర్చో."

ఊరంతటినీ అనుమానించిన నిస్సీ ఈ మనిషిని చెత్త గోతం దగ్గర తప్ప ఎక్కడా అనుమానించలేదు. అసలు తనను తాను అనుమానించాలని ఆమెకు ఎన్నడూ తోచనే లేదు. "షాపులకు ఫోన్ చేసి ఆస్మా తప్పు లేదని చెప్పు మేడం" అని అడిగింది. చెయ్యనంది మహాలక్ష్మి. "అయితే నేను చెబుతా" అంది.

"బయట నోరిప్పావా, మళ్ళీ ఈ మెట్లెక్కమాక."

మిషన్ మీద సగం పూర్తయిన మెడ ఉంది. నిస్సీ దాన్ని ఆ సగంలో వదల్లేదు, ఎవరి పెళ్ళిగుడ్డో అది. కూర్చుని చివరిదాకా వేసి, ఫ్రేములోంచి దించి, దారాలు కూడా తనే కత్తిరించి, ఇస్త్రీ చేసి బల్ల మీద పెట్టింది. స్విచ్చి ఆపి చెప్పులేసుకుంది. మహాలక్ష్మి పిలిచింది. రెండోసారి మెల్లగా, బతిమాలుతున్నట్టు పిలిచింది. నిస్సీ వెనక్కి తిరిగి చూస్తే ఉండిపోతానేమోనని తిరగలేదు.

ఎదురుగా బ్రహ్మాజీ షాపు. అతనూ కంప్యూటర్ మిషన్లు పెట్టినవాడే. ఎన్నోసార్లు, "మా దగ్గరకు రా నిస్సీ, నిన్ను బాగా చూసుకుంటా" అని పిలిచినవాడే. ఆమె లోపలికి రాగానే, "రా రా, మొత్తానికి వచ్చావా" అని కుర్చీ జరిపాడు.

"పనికి రాలేదన్నా. ఒక మాట చెబుదామని వచ్చా" అని మొదలుపెట్టి, ఖాళీ సూది సంగతి, కాగితం సంగతి, బజ్జీల బండి సంగతి, సర్దార్ సంగతి వరసగా చెప్పింది. "ఆస్మా తప్పేం లేదన్నా. చేసింది నేను. తెలియక చేశా. దానికి పని ఇప్పించు" అంది. అన్నాళ్ళుగా తను వెతికిన ఆ సంచి, ఆ అన్నం డబ్బా సంగతి కూడా చెప్పింది.

బ్రహ్మాజీ అంతా విన్నాడు. ఆమె ముఖంలోకి చూస్తూ గడ్డం గోక్కున్నాడు.

"అట్టాగా. అయితే ఇద్దరూ కలిసే చేశారన్నమాట" అన్నాడు.

అని, చెయ్యి చాపి, బల్ల మీద డిజైన్లు కనబడుతున్న కంప్యూటర్ తెరను మెల్లగా తనవైపు తిప్పుకున్నాడు.

ఆ చూపు నిస్సీకి బాగా తెలిసిన చూపు. దాని ముందు ఎంత చెప్పినా ఏదీ నిలవదని ఆమెకంటే తెలిసినవాళ్ళు పేటలో లేరు. లేచి మెట్లు దిగి, కొంగుతో ముఖం తుడుచుకుని పక్క షాపు మెట్లెక్కింది. అక్కడ గల్లా దగ్గర కూర్చున్న ఈశ్వరయ్యతో, "బాబాయ్, ఆస్మా తప్పేం లేదు" అని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.